కామ్వారీ ఒడ్డు మజిలీ

భివండి అనగానే కరీంనగర్ వాళ్ళకు సాంచాల (మరమగ్గాల) చప్పుడు గుర్తొస్తుంది. ముంబయి వాళ్ళకు గుర్తొచ్చేది ట్రాఫిక్ జామ్. రెంటికీ మూలం ఒకటే: అది రోడ్డు పెంచిన ఊరు. ముంబయిలో సయన్ నుంచి ఠాణా దాకా ఇప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి మార్గ్ అంటున్న దారికి పాత పేరు ఆగ్రా రోడ్డు. ఆ రోడ్డు ఠాణా దాటి, కశేళీ దగ్గర ఉల్హాస్ ఖాడీ (సముద్రపు పాయ) దాటి, భివండిలో కాసేపు ఆగి, పడఘా, శహాపూర్, కసారాల మీదుగా థళ్ ఘాట్ ఎక్కి నాసిక్ చేరుతుంది. ఆ పైన మాలేగావ్, ధూళే, ఇందోర్, గ్వాలియర్, చివరికి ఆగ్రా.

భివండికి వెళ్ళే తెలుగువాడు సాధారణంగా చుట్టాల ఇంటికో పనికో వెళ్తాడు, లేదా సాంచాల మీద వార్త రాయడానికి వెళ్తాడు. నేను రోడ్డు కోసం వెళ్ళాను. ఈ పిచ్చి నాకు ఏనుగుల వీరాస్వామి అంటించాడు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఆ పెద్దమనిషి మజిలీ మజిలీకి నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటుందా అని ఓపికగా రాసుకుంటూ పోయాడు. ఆయన దారి హైదరాబాదు, నాగపూర్ మీదుగా సాగింది కనుక కొంకణం వైపు రాలేదు. వచ్చి ఉంటే కశేళీ దగ్గర పడవ వాడితో బేరం గురించి ఒక పేజీ రాసేవాడని నా నమ్మకం.

కశేళీ వంతెన మీద ఆటో ఆపించి దిగాను. డ్రైవర్ నా వంక జాలిగా చూశాడు. అక్కడ చూడటానికి ఏముందని అతని ఉద్దేశం. పాటు వేళ. నీళ్ళు తీసేసి బూడిద రంగు బురద రెండువైపులా బయటపడింది, దాని అంచున మడచెట్లు. పక్కనే ఠాణా–భివండి–కళ్యాణ్ మెట్రో కోసం లేచిన స్తంభాలు. వంతెన మీద కంటైనర్ లారీలు ఒకదాని వెనక ఒకటి, అంగుళం అంగుళం జరుగుతున్నాయి. వంతెన లేని రోజుల్లో కూడా ఇక్కడ ఆగక తప్పేది కాదు, పోటు కోసం, పడవ కోసం. ఏటి ఒడ్డున ఊరెందుకు వెలుస్తుందో అర్థం కావాలంటే ఇలాంటి చోట అరగంట నిలబడితే చాలు. దాటడానికి ఆలస్యమవుతుంది. ఆలస్యమైనవాడికి ఆకలేస్తుంది, ఎద్దుకు గడ్డి కావాలి, బండి చక్రానికి కమ్మరి కావాలి, చీకటి పడితే చాప కావాలి. ఆ అవసరాలు తీర్చేవాళ్ళంతా కలిస్తే ఊరు.

జపాన్‌లో దీన్ని చట్టంగానే చేశారు. ఎడో (నేటి టోక్యో) నుంచి క్యోటోకు వెళ్ళే తోకాయిదో దారి మీద 1601లో తొకుగావా ఇయెయాసు మజిలీ ఊళ్ళ ఏర్పాటు మొదలుపెట్టాడు. మొత్తం 53. ప్రతి ఊరూ ప్రభుత్వ దూతల కోసం గుర్రాలను, మోతగాళ్ళను సిద్ధంగా ఉంచాలి. దారికి అడ్డంగా పారే ఓయి నది మీద మాత్రం వంతెన కట్టనివ్వలేదు, పడవ నడపనివ్వలేదు. ఎడో మీదికి సైన్యం సులువుగా రాకూడదని అంటారు. మనుషుల్ని మనుషులే భుజాల మీద, పల్లకీల్లాంటి చట్రాల మీద మోసి దాటించేవారు. కిరాయి నీటి లోతును బట్టి. నడుం లోతుకు ఒకటి, చంకల లోతుకు ఇంకొకటి. అంతకు మించితే దాటింపు బంద్. అలా బందైన రోజుల్లో ఈ ఒడ్డున షిమాదా, ఆ ఒడ్డున కనాయా ఊళ్ళ పూటకూళ్ళ ఇళ్ళకు పండగ. బాటసారుల తిట్లు ఎవరూ నమోదు చేసినట్టు లేదు.

భివండి వాళ్ళకు అంత అదృష్టం లేదు గానీ, రోడ్డుతో పాటు రేవు కూడా ఉండేది. ఊరి పాత భాగంలో బందర్ మొహల్లా ఇప్పటికీ ఉంది. కామ్వారీ నది ఊరిని ఒరుసుకుంటూ పోయి ఖాడీలో కలుస్తుంది. పోటు నీళ్ళు ఎదురెక్కినప్పుడు సరుకు పడవలు లోపలికి వచ్చేవి. బియ్యం, ఎండుచేపలు, కలప, గడ్డి, బట్ట. ఇవీ ఒకప్పుడు ఊరి వ్యాపారాలు. వాడా రోడ్డు మీద నదీ నాకా దగ్గర నిలబడి ఆ కామ్వారీని చూశాను. నీళ్ళ రంగు గురించి రాయను. పొద్దున ఒక రంగు, మధ్యాహ్నానికి ఇంకో రంగు ఉంటుందని పక్కన టీ కొట్టు వాడు చెప్పాడు.

ఈ రేవు చిన్నది. పెద్దది పక్కనున్న కళ్యాణ్. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఎర్రసముద్రం నుంచి మన తీరం దాకా సముద్ర వ్యాపారాన్ని వివరించిన గ్రీకు గ్రంథం పెరిప్లస్‌లో కళ్యాణ్ పేరు ఉంది. వెనకటి శాతవాహన రాజు కాలంలో సజావుగా సాగిన రేవనీ, తర్వాత అడ్డంకులు వచ్చాయనీ, అక్కడ దిగిన గ్రీకు ఓడలను కాపలాతో భరుకచ్ఛానికి (నేటి భరూచ్‌కు) మళ్ళిస్తారనీ రాశాడా గ్రంథకర్త. రేవులకు రేవులతో పడదన్నమాట, అప్పుడూ ఇప్పుడూ. 1657లో శివాజీ ఈ కళ్యాణ్–భివండి ప్రాంతాన్ని బీజాపూర్ సుల్తానుల నుంచి గెలుచుకున్నాక మరాఠా ఓడల నిర్మాణం మొదలైంది ఈ ఖాడీల్లోనే. కళ్యాణ్ నుంచి భివండికి వచ్చేటప్పుడు వంతెన పక్కన గుట్ట మీద కనిపించే దుర్గాడీ కోట ఆ కాలంనాటిదే.

మజిలీ ఊరికి రెండు గండాలు. వంతెన పడితే ఆగే పని ఉండదు. రైలు పడితే వచ్చే పనే ఉండదు. 1853 ఏప్రిల్ 16న దేశంలో మొదటి ప్రయాణికుల రైలు బోరీబందర్ నుంచి ఠాణాకు నడిచింది. మరుసటి ఏడు కళ్యాణ్ చేరింది. 1865కు థళ్ ఘాట్ ఎక్కి ఇగత్‌పురీ దాటే దారి పట్టింది. పట్టాలు భివండిని పక్కకు వదిలేసి పోయాయి. మాళ్వా నల్లమందు, ఖాందేశ్ పత్తి బళ్ళ మీద ఈ ఊరి గుండా బొంబాయి చేరే రోజులు అక్కడితో సరి. తోకాయిదో మీద కూడా ఇదే కథ. 1889లో ఆ దారి వెంట రైలు పూర్తయ్యాక మజిలీ ఊళ్ళు ఒక్కొక్కటే చల్లబడ్డాయి. ఓయి నది మోతగాళ్ళకు అంతకు ముందే పని పోయింది. వాళ్ళలో కొందరు పక్కనున్న మకినొహారా మెట్టభూముల్లో తేయాకు తోటలు వేసుకున్నారు. షిజువోకా టీ అని ఇప్పుడు పేరుమోసిన దానిలో ఆ భుజాల చాకిరీ కూడా ఉంది.

అదే దారిలో ఇంకాస్త పడమటికి పోతే హమానా సరస్సు సముద్రాన్ని కలిసే చోట అరాయి అనే మజిలీ. పడవ దిగగానే తనిఖీ. ఎడో వైపు తుపాకులు పోతున్నాయా, ఎడోలో ఉంచిన దొరల ఇళ్ళ ఆడవాళ్ళు తప్పించుకు పోతున్నారా అని. ఆ తనిఖీ భవనం ఇప్పటికీ నిలిచి ఉంది. అరాయి ఇప్పుడు కొసాయి అనే పురపాలక పట్టణంలో భాగం. ఆ కొసాయి గ్రామసీమలోనే 1867లో ఒక వడ్రంగి కొడుకు పుట్టాడు, పేరు తొయోదా సకిచి. తల్లి నేసే చేతిమగ్గాన్ని బాగుచెయ్యడంతో మొదలుపెట్టి 1896 నాటికి ఆవిరితో నడిచే మగ్గం తయారుచేశాడు. టయోటా కార్ల కంపెనీ ఆ మగ్గాల కంపెనీలోంచే పుట్టింది. పాత మజిలీ, నీటి ఒడ్డు, మగ్గం. భివండి వీధుల్లో తిరుగుతుంటే ఈ మూడూ కలిసిన చోటు మరొకటి ఉందన్న సంగతి మాటిమాటికీ గుర్తొచ్చింది.

భివండిని రైలు వదిలేసినా రోడ్డు వదల్లేదు. 1857 తిరుగుబాటు అణిచివేత తర్వాత అలహాబాద్, ఆజమ్‌గఢ్, మవూ వైపుల నుంచి ముస్లిం నేతగాళ్ళ కుటుంబాలు దక్షిణానికి నడిచాయి. తర్వాత కరువుల్లో ఇంకొన్ని. వాళ్ళు ఎక్కడెక్కడ ఆగారో పటంలో చూస్తే చాలు: బుర్హాన్‌పూర్, ధూళే, మాలేగావ్, భివండి. మూడు ఆగ్రా రోడ్డు మీదే, బుర్హాన్‌పూర్ దానికి తూర్పున పాత దక్కను దారిలో. అన్నీ నీళ్ళ పక్కనే. తపతి ఒడ్డున ఒకటి, మోసం నది ఒడ్డున మాలేగావ్, ఇక్కడ కామ్వారీ. నూలుకు గంజి పెట్టాలన్నా రంగు వెయ్యాలన్నా నీళ్ళు లేకపోతే గడవదు. ఆ రోజుల్లో రోడ్డు పక్కన దిగిన మూటలో మగ్గం సామాను ఉండకపోతే భివండి ఇవాళ శహాపూర్ లాంటి తాలూకా ఊరై ఉండేది. ఇది నా లెక్క, కాదనేవాళ్ళు కాదనొచ్చు.

కరెంటు వచ్చాక 1930ల్లో చేతిమగ్గాల పక్కన మరమగ్గాలు చేరాయి. స్వాతంత్ర్యం తర్వాత పెద్ద మిల్లులకు పన్నులూ ఆంక్షలూ పడ్డాయి, చిన్న కార్ఖానాలకు మినహాయింపులు దొరికాయి. నాలుగు సాంచాలు తన పేర, నాలుగు భార్య పేర, నాలుగు బావమరిది పేర రాయించుకుని ఒకే రేకుల షెడ్డులో అన్నీ నడిపిన సేఠ్‌లు ఎందరో. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు, సుమారు రెండున్నర లక్షల మంది, సమ్మెకు దిగారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. మిల్లులు మూతపడుతుంటే బట్ట గిరాకీ ఇటు తిరిగింది, మిల్లుల పాత మగ్గాలు కూడా తుక్కు ధరకు ఇటే వచ్చాయి.

మనవాళ్ళు అంతకు చాలా ముందే వచ్చారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ల పద్మశాలీలు. వాళ్ళు నిలబెట్టుకున్న పేట పేరు పద్మనగర్. మార్కండేయ గుడి, తెలుగు బోర్డులు, సకినాలు అమ్మే దుకాణం, పెండ్లి పత్రికలు అచ్చేసే ప్రెస్సు. బతుకమ్మ పండక్కి కామత్‌ఘర్ దగ్గరి వరాళదేవి చెరువు గట్టు నిండిపోతుంది. మాట వింటే జగిత్యాల సంతలో ఉన్నట్టే ఉంటుంది, మధ్యమధ్య మరాఠీ, ఉర్దూ తగులుతుంటాయి.

ఒక షెడ్డులోకి వెళ్ళాను. వాకిలి దాటగానే మాట వినపడదు. లోపల పనిచేసేవాళ్ళు పెదవులు చూసి మాట్లాడుకుంటారు. ఇరవై నాలుగు సాంచాలు, ఒక్కో మనిషికి ఆరు. నేను చూసిన మనిషికి యాభై దాటి ఉంటాయి. బనీను, లుంగీ, చెవిలో దూది. ఒక సాంచ దగ్గర కండె అయిపోయింది. చప్పుడు మారడంతోనే అతనికి తెలిసింది, నాకు తెలియలేదు. ఎడమ చేత్తో పిడి లాగి సాంచ ఆపాడు. నాడె తీసి, ఒట్టి కండె గంపలో పారేసి, కొత్తది బిగించి, పోగు కొస నాడె కంట్లో దూర్చి, మళ్ళీ పిడి నెట్టాడు. నేను ఊపిరి పీల్చి వదిలేలోగా అయిపోయింది. ఆ వెంటనే వెనక్కి పోయి పడుగు మీద అరచెయ్యి ఆనించి చూసుకుంటూ నడిచాడు, తెగిన పోగు దొరికితే ముడివేసి. ఫ్యాను లేదు. గాలికి నూలు దుమ్ము లేస్తుంది, పోగులు చెదురుతాయి. నా చొక్కా మీద తెల్లటి నూగు పేరుకుంది, బయటికొచ్చి దులిపినా పోలేదు.

షిఫ్టు మారాక ఆయనతో పాటు బిస్సీలో కూర్చున్నాను. నెలకింతని కట్టి రెండు పూటలా తినే మెస్సు. చుట్టూ ఉత్తరప్రదేశ్, బిహార్ కుర్రాళ్ళు.

"ఏ ఊరు సారూ మనది?"

"కరీంనగర్, కాకా."

"గట్లనా! మాది కోరుట్ల దిక్కు. మా నాయిన కరువుల అచ్చిండు. రెండేండ్లుండి పోదామనే అచ్చిండట."

"మరి?"

"మరేముంది, మా అమ్మను తోల్కచ్చిండు."

"ఊళ్ళో ఇల్లుందా కాకా?"

"ఉన్నది. తాళమున్నది."

తమ్ముడు మాత్రం ఎనభైల్లో వెనక్కి పోయాడట. ఇక్కడ నేర్చిన పని, ఇక్కడ కొన్న పాత సాంచాలు లారీకెత్తుకుని సిరిసిల్లకు. సిరిసిల్ల మరమగ్గాల ఊరు కావడంలో ఇలా తిరిగొచ్చిన భివండి వాళ్ళ పాత్ర ఎంతో ఉంది. కాకాను అడిగితే తమ్ముడి సంగతి రెండు ముక్కల్లో తేల్చాడు: "ఆడ గూడ గదే సాంచ, గదే చప్పుడు. జర బువ్వ మనదుంటది."

ఊరికి చెడ్డపేరు తెచ్చిన సంగతులూ ఉన్నాయి. 1970 మేలో, మళ్ళీ 1984 మేలో భివండి మతకలహాల్లో తగలబడింది. 1988లో ఇక్కడికి పోలీసు అధికారిగా వచ్చిన సురేశ్ ఖోపడే రెండు మతాలవాళ్ళతో మొహల్లా కమిటీలు కట్టించాడు. 1992–93లో పక్కనే ముంబయి మండుతుంటే భివండి చల్లగా ఉంది. ఈ రెండో సంగతి మొదటిదానంత మందికి తెలియదు.

2020 మేలో ఆగ్రా రోడ్డు మళ్ళీ కాలినడక రోడ్డయింది. లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోతే బిస్సీలు మూతపడ్డాయి. బిస్సీ మూసేస్తే కూలీకి ఊళ్ళో ఉండటానికి ఏమీ మిగలదు. పడఘా, శహాపూర్, కసారా మీదుగా వేలమంది ఉత్తరానికి నడిచారు. 1857 తర్వాత ఏ దారిన వచ్చారో ఆ దారినే తిరుగు ముఖం. మే మొదటి వారంలో భివండి రోడ్ స్టేషను నుంచి గోరఖ్‌పూర్‌కు కూలీల రైలు వేశారు. దివా–వసయీ మార్గంలో ఉన్న ఆ స్టేషను గురించి అప్పటిదాకా ఊళ్ళోవాళ్ళకే సరిగా తెలియదు. అదే ఏడు సెప్టెంబరులో అక్కణ్ణుంచే పార్సిల్ రైళ్ళు మొదలయ్యాయి. గువాహటి దగ్గరి అజారాకు, కోల్‌కతా పక్కన శాలిమార్‌కు, పట్నా పక్కన దానాపూర్‌కు.

పార్సిళ్ళెందుకంటే, భివండి చుట్టూ వరిమళ్ళన్నీ గోదాములయ్యాయి కనుక. కశేళీ, కాల్హేర్, పూర్ణా, మానకోలీ, రాహనాల్. రోడ్డుకు అటూ ఇటూ చూపు ఆనినంత మేర నీలం రేకుల కప్పులే. ముంబయి కార్పొరేషన్ ఒకప్పుడు ఊళ్ళోకి వచ్చే ప్రతి సరుకు మీదా ఆక్ట్రాయ్ వసూలు చేసేది. 2017 జులైలో జీఎస్టీ వచ్చేదాకా అది నడిచింది. తెలివైన వర్తకుడు సరుకంతా నగరం పొలిమేర అవతల దింపుకుని, అమ్ముడుపోయినంత మేరకే లోపలికి పంపి, అంతకే సుంకం కట్టేవాడు. పొలిమేర అవతల, రోడ్డు మీద, చౌక భూమి. అంటే భివండే. సుంకం పోయింది, గోదాములు మిగిలాయి. ఇంటర్‌నెట్‌లో చీర కొన్న జగిత్యాల కోడలి పార్సిల్ ఒక రాత్రి ఇక్కడ నిద్ర చేసి బయల్దేరుతుంది. నేతగాళ్ళు మగ్గాలు పాతి గమ్యంగా మార్చుకున్న ఊరు మళ్ళీ మజిలీ అవుతోంది, ఈసారి మనుషులకు బదులు డబ్బాలకు. కాకా మనుమడు మానకోలీ గోదాములో రాత్రి షిఫ్టు చేస్తున్నాడు, డబ్బాల మీద గీతలు చదివే యంత్రం చేతబట్టుకుని. సాంచ దగ్గర నిలబడనన్నాడట. "నిలబడనన్నడు సారూ. గాడ రాత్రంత నడుస్తుండు," అన్నాడు కాకా.

తిరుగు ప్రయాణం ఆగ్రా రోడ్డు మీద కాదు. 61వ నంబరు జాతీయ రహదారి భివండి దగ్గర మొదలై కళ్యాణ్, ముర్బాడ్, మాళ్‌శేజ్ ఘాట్, అహ్మద్‌నగర్, పర్భణీ, నాందేడ్, భైంసా, నిర్మల్ మీదుగా వచ్చి జగిత్యాలలో ఆగుతుంది. భివండిలో ఎవరైనా పిల్లవాడు ఈ రోడ్డు ఎక్కడికి పోతుందని అడిగితే తాతల ఊరికి అని చెప్పేయొచ్చు. ముర్బాడ్ దాటాక ఈ రోడ్డు నాణేఘాట్ కింది నుంచి పోతుంది. శాతవాహనుల రాజధాని పైఠన్ నుంచి జున్నర్ మీదుగా సరుకు ఎద్దుల మీద ఈ కనుమ దిగే కళ్యాణ్, సోపారా రేవులకు చేరింది. కనుమ పైన గుహలో రాణి నాగనిక వేయించిన బ్రాహ్మీ శాసనం ఉంది. యజ్ఞాలు, దక్షిణగా ఇచ్చిన ఆవులు, ఏనుగులు, ఊళ్ళు, కార్షాపణాలు అన్నీ అంకెలు వేసి మరీ చెప్పింది. ఎదుటి గోడకు రాజు సిముకుడి దగ్గర్నుంచి కుటుంబం బొమ్మలు ఉండేవి. పేర్లు మిగిలాయి, బొమ్మలు పోయాయి. ఆ సిముకుడి నాణేలు బయటపడింది జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డు కోటిలింగాలలో. గుహకు కాస్త ఎగువన నిలువెత్తు రాతి కాగు. దారిన పోయే వర్తకులు సుంకం వేసే కాగని చెబుతారు.

కోరుట్ల బస్సు భివండిలో మధ్యాహ్నం బయల్దేరింది. ఎక్కేముందు ఏజెంటు అందరి సామాన్లూ కళ్ళతోనే తూచాడు. నా సంచిని వదిలేశాడు గానీ నా ముందున్నావిడ కట్‌పీసుల మూట దగ్గర ఆగాడు.

"అక్కా, మనిషికి టికెట్టు. మూటకు కిరాయి అలగ్."

"పోయినసారి తీసుకోలె గదనే తమ్మీ!"

"పోయినసారి ఇది గింత లేదు."

ఆవిడ ముందు తెలుగులో, తర్వాత మరాఠీలో, చివరకు డ్రైవరు వైపు తిరిగి హిందీలో వాదించింది. సగానికి తెగింది. మూట డిక్కీలోకి పోయింది, బస్సు కళ్యాణ్ నాకా వైపు తిరిగి జామ్‌లో నిలబడింది.